పెన్‌డ్రైవ్ తెరుచుకుంటుంది, రాయనివ్వదు: లినక్స్‌లో రైట్ పర్మిషన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం మద్దిలపాలెంలో మా ఇంటి ముందుగదిలో ఉబుంటు అనే లినక్స్ వేసిన పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది. యూనివర్సిటీ పిల్లలు, పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్లు, ట్యూషన్ మాస్టార్లు డ్రైవ్‌లు పట్టుకుని వస్తుంటారు. ఎక్కువమంది తెచ్చే గొడవ ఒకటే. డ్రైవ్ గుచ్చగానే దానంతట అదే మౌంట్ అవుతుంది (అంటే సిస్టమ్‌లో ఒక ఫోల్డర్‌గా కలుస్తుంది), ఫైళ్ళు కనిపిస్తాయి, కొత్త ఫైలు పెట్టబోతే మాత్రం ఒప్పుకోదు. వాళ్ళకు మళ్ళీ మళ్ళీ చెప్పిన జవాబులే ఇక్కడ రాస్తున్నాను. కమాండ్లను పలికినట్టు తెలుగులో రాశాను, టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీలో) ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి, పెద్ద అక్షరం అని చెప్పిన చోట తప్ప.

రాయనివ్వడం లేదు. అన్నిటికంటే ముందు ఏం చూడాలి?

తెర మీద వచ్చిన సందేశాన్ని పూర్తిగా చదవండి. చాలామంది దాన్ని చదవకుండానే మూసేసి "పర్మిషన్ ప్రాబ్లమ్ అండీ" అంటారు. నిజానికి అక్కడ రెండు వేర్వేరు మాటల్లో ఏదో ఒకటి ఉంటుంది.

"పర్మిషన్ డినైడ్" అని వస్తే డ్రైవ్ బాగానే ఉంది, రాయడానికి సిద్ధంగానే ఉంది. ఆ ఫోల్డర్‌కు యజమాని మీరు కాదు, అంతే. "రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్" అని వస్తే యజమాని ఎవరన్న ప్రశ్నే లేదు. ఆ డ్రైవ్‌లో ఇప్పుడు రూట్ (సిస్టమ్ మొత్తం మీద అధికారం ఉన్న యూజర్) కూడా రాయలేడు, ఎందుకంటే లినక్స్ గుండెకాయ అయిన కెర్నలే రాత ఆపేసింది. ఈ రెంటికీ మందులు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే ఫలితం ఉండదు, ఒక్కోసారి ఉన్న డేటాకే ముప్పు.

తర్వాత టెర్మినల్ తెరిచి "ఎల్ఎస్‌బీఎల్‌కే", ఖాళీ, "హైఫన్ ఎఫ్" కొట్టండి. మీ డ్రైవ్ ఏ పేరుతో ఉందో (మామూలుగా ఎస్‌డీబీ1, ఎస్‌డీసీ1 లాంటివి), దాంట్లో ఏ ఫైల్ సిస్టమ్ (ఫైళ్ళను డ్రైవ్‌లో అమర్చే పద్ధతి) ఉందో, ఎక్కడ మౌంట్ అయిందో ఒకే చోట కనిపిస్తాయి. ఫైల్ సిస్టమ్ వరుసలో వీఫ్యాట్ (ఫ్యాట్32ను ఇలా చూపిస్తుంది), ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ట్4, ఐఎస్ఓ9660 వీటిలో ఏది ఉందో చూసుకుంటే సగం పని అయినట్టే. ఇంకో కమాండ్ "ఫైండ్‌మౌంట్": ఎఫ్-ఐ-ఎన్-డి-ఎమ్-ఎన్-టి. దాంట్లో మీ డ్రైవ్ వరుసలో ఆప్షన్లు "ఆర్‌డబ్ల్యూ"తో మొదలైతే రాయవచ్చు, "ఆర్ఓ"తో మొదలైతే చదవడం వరకే.

అసలు డ్రైవ్‌ను మౌంట్ చేసేది ఎవరు? నేనేమీ చేయలేదే!

యూడిస్క్స్2 అనే సేవ. మీరు డెస్క్‌టాప్‌లో లాగిన్ అయి ఉండగా డ్రైవ్ గుచ్చితే మీ తరఫున అదే మౌంట్ చేస్తుంది. ఉబుంటు, డెబియన్ అనే లినక్స్ రకాల్లో మీడియా ఫోల్డర్ కింద మీ యూజర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోకి వస్తుంది. ఫెడోరా, ఆర్చ్‌లలో అయితే రన్ కింద ఉన్న మీడియాలోకి. ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌లను మౌంట్ చేసేటప్పుడు "ఈ డ్రైవ్‌లోవన్నీ ఈ యూజర్‌వే" అని మీ యూజర్ నంబరును కెర్నల్‌కు చెబుతుంది. అందుకే మామూలు పెన్‌డ్రైవ్ గుచ్చితే ఏ పేచీ లేకుండా రాయగలుగుతాం. పేచీ వచ్చిందంటే, మధ్యలో యూడిస్క్స్‌ను దాటి ఎవరో చెయ్యి పెట్టారు, లేదా డ్రైవ్‌లోనే ఏదో ఉంది.

ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ మీద ఛ్‌మోడ్, చోన్ ఎన్నిసార్లు కొట్టినా మార్పు లేదు. ఎందుకు?

ఛ్‌మోడ్ (సి-హెచ్-ఎమ్-ఓ-డి) ఫైలు హక్కులను, చోన్ యజమానిని మార్చే కమాండ్లు, ఆ మార్పు రాసుకోవడానికి ఆ ఫైల్ సిస్టమ్‌లో చోటే లేదు. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లలో ఫైలుకు యజమాని, గ్రూపు అనే వివరాలు ఉండవు. మీకు కనిపించే యజమాని పేరు మౌంట్ చేసిన క్షణంలో కెర్నల్ తగిలించిన చీటీ. చోన్ కొడితే "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అంటుంది. ఛ్‌మోడ్ అయితే తరచు ఏ ఎర్రరూ చూపించదు, మార్చిందేమో అని మనం నమ్ముతాం, చూస్తే ఏమీ మారి ఉండదు. ఈ మౌనం వల్లే చాలామందికి గంటలు పోతాయి.

కాబట్టి చీటీ మార్చాలంటే తీసేసి మళ్ళీ మౌంట్ చేయాల్సిందే. రీమౌంట్ సరిపోదు, రీమౌంట్‌లో ఫ్యాట్ యజమాని మారడు. మా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం ఇదే: ఎక్కడో వీడియోలో చూసి "సుడో మౌంట్" అని చేత్తో మౌంట్ చేస్తారు. సుడోతో, అంటే రూట్ అధికారంతో, చేశారు గనక అందులోవన్నీ రూట్‌వి అయిపోతాయి, మీకు పర్మిషన్ డినైడ్. అప్పుడు చేయవలసింది ఇది. "సుడో యూమౌంట్" (యు-ఎమ్-ఓ-యు-ఎన్-టి, మొదటి యు తర్వాత ఎన్ లేదు) కొట్టి డ్రైవ్ పేరు ఇవ్వండి. తర్వాత సుడో లేకుండా "యూడిస్క్స్‌సీటీఎల్ మౌంట్ హైఫన్ బి", పక్కనే డ్రైవ్ పేరు, అంటే స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీబీ1 లాంటిది. ఈసారి డ్రైవ్ మీ పేరు మీదే వస్తుంది.

ఒక్క మినహాయింపు. విండోస్‌లో ఏదైనా ఫైలుకు "రీడ్ ఓన్లీ" టిక్ పెట్టి ఉంటే ఆ గుర్తు ఫ్యాట్‌లో నిలబడుతుంది. డ్రైవ్ అంతా రాయనిస్తూ ఒక్క ఫైలే మొరాయిస్తుంటే, దాని మీద "ఛ్‌మోడ్ యూ ప్లస్ డబ్ల్యూ" కొడితే సరిపోతుంది.

ఎక్స్‌ట్4 డ్రైవ్ అయితే?

ఇక్కడ కథ పూర్తిగా తిరగబడుతుంది. ఎక్స్‌ట్4లో ప్రతి ఫైలు యజమాని డ్రైవ్‌లోనే రాసి ఉంటాడు, మౌంట్ ఆప్షన్లతో దాన్ని మార్చలేం.

మొన్న ఒక ఫైనలియర్ అమ్మాయి 64 జీబీ పెన్‌డ్రైవ్ తెచ్చింది. సీనియర్ ఎవరో "లినక్స్‌కి ఇదే మంచిది" అని టెర్మినల్‌లో ఎక్స్‌ట్4గా ఫార్మాట్ కొట్టి ఇచ్చాడట. మర్నాడు పొద్దున్నే ప్రాజెక్ట్ రిపోర్టు ఇవ్వాలి, డ్రైవ్‌లో ఒక్క ఫైలూ పడటం లేదు. "ఎల్ఎస్ హైఫన్ ఎల్‌డీ" అని కొట్టి ఆ మౌంట్ ఫోల్డర్ పేరు ఇస్తే మొదటి వరుసలోనే జవాబు కనిపించింది: యజమాని రూట్, గ్రూపు రూట్, మిగతావాళ్ళకు డబ్ల్యూ (రాసే హక్కు) లేదు. సుడోతో ఫార్మాట్ చేస్తే డ్రైవ్‌లో అన్నిటికంటే పై ఫోల్డర్ రూట్ పేరు మీదే పుడుతుంది. దానికి మందు ఒక్క వాక్యం: "సుడో చోన్" (సి-హెచ్-ఓ-డబ్ల్యు-ఎన్), తన యూజర్ పేరు, దాని వెనకే ఒక కోలన్, ఖాళీ వదిలి మౌంట్ ఫోల్డర్ దారి. కోలన్ తర్వాత ఏమీ రాయకపోతే ఆ యూజర్ సొంత గ్రూపునే గ్రూపుగా పెడుతుంది. ఎంటర్ కొట్టింది, ఏ సందేశమూ రాలేదు. రిపోర్టును లాగి వదిలితే కాపీ అయిపోయింది. ఈ మార్పు డ్రైవ్‌లోనే నిలిచిపోతుంది, తీసి గుచ్చినా పోదు.

కొత్త డ్రైవ్ అయితే "హైఫన్ పెద్ద ఆర్" (లోపలున్నవాటన్నిటికీ వర్తింపజేసే ఆప్షన్) పెట్టకుండా పై ఫోల్డర్‌కు మాత్రమే చోన్ చేయండి, చాలు. ముందునుంచీ ఫైళ్ళున్న డ్రైవ్ మీద పెద్ద ఆర్ వేస్తే లోపలున్న ప్రతిదాని యజమానీ మారిపోతాడు. అది ఎవరిదైనా సిస్టమ్ బ్యాకప్ అయితే ఆ బ్యాకప్ పాడైనట్టే లెక్క, తిరిగి పెట్టుకున్నప్పుడు సర్వీసులు లేవవు. అలాగే లాస్ట్ ప్లస్ ఫౌండ్ అనే ఫోల్డర్ రూట్ పేరు మీద ఉంటుంది, దాన్ని అలాగే ఉండనివ్వండి.

ఫార్మాట్ చేసేటప్పుడే ఈ తలనొప్పి తప్పించుకోవచ్చు. గ్నోమ్ డిస్క్స్ యాప్‌లో ఫార్మాట్ చేస్తే డ్రైవ్ మీ పేరు మీదే తయారవుతుంది. టెర్మినల్‌లోనే చేయాలనుకుంటే ఫార్మాట్ చేసే ఎమ్‌కేఎఫ్ఎస్ కమాండ్‌కు "హైఫన్ పెద్ద ఈ, రూట్ అండర్‌స్కోర్ ఓనర్ ఈక్వల్స్ 1000 కోలన్ 1000" అని ఇవ్వండి.

నా లాప్‌టాప్‌లో రాస్తుంది, కాలేజీ ల్యాబ్‌లో రాయనివ్వదు. అదే ఎక్స్‌ట్4 డ్రైవ్!

డ్రైవ్‌లో రాసి ఉండేది యజమాని పేరు కాదు, నంబరు. ఉబుంటు, డెబియన్, ఫెడోరాల్లో మొదటి యూజర్‌కు 1000 వస్తుంది, రెండోవాళ్ళకు 1001. మీ లాప్‌టాప్‌లో మీరు 1000, ల్యాబ్‌లో మీ లాగిన్ ఇంకేదో నంబరు. ల్యాబ్ కంప్యూటర్ దృష్టిలో మీరు పరాయివాళ్ళు. "ఐడీ" అని కొట్టి రెండుచోట్లా చూసుకోండి, తేడా తెలుస్తుంది. ఊరంతా తిరిగే డ్రైవ్‌కు ఎక్స్‌ట్4 పెట్టకపోవడమే నేనిచ్చే సలహా. ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకోండి. 2020లో వచ్చిన లినక్స్ 5.7 నుంచి శాంసంగ్ రాసిన ఎక్స్‌ఫ్యాట్ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది, విండోస్‌లోనూ నేరుగా పనిచేస్తుంది.

ఇదంతా ఎందుకు, ఛ్‌మోడ్ 777 కొట్టేస్తే పోలా?

వద్దు. 777 అంటే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేయడం. ఫ్యాట్ మీద అది పనే చేయదు, రీడ్ ఓన్లీ డ్రైవ్ మీద చేయలేదు. పనిచేసేది ఎక్స్‌ట్4 మీద మాత్రమే, అక్కడేమో ఆ కంప్యూటర్‌లో లాగిన్ ఉన్న ప్రతివాళ్ళూ మీ ఫైళ్ళు మార్చవచ్చు, తుడిచేయవచ్చు. పైగా ప్రతి ఫైలూ ప్రోగ్రామ్ అన్నట్టు ఎగ్జిక్యూట్ గుర్తు తగిలించుకుంటుంది. తాళం ఎవరు వేశారో చూసి సరైన చెవి పెట్టడానికి ఒక నిమిషం పడుతుంది, ఆ నిమిషం పెట్టండి.

విండోస్‌లో వాడిన ఎన్‌టీఎఫ్ఎస్ హార్డ్‌డిస్క్ లినక్స్‌లో చదవడం వరకే వస్తోంది. ఏం చేయాలి?

విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా పడుకోదు, కొంత భాగాన్ని హైబర్నేట్ చేసి ఉంచుతుంది. అలా ఆపిన మిషన్ నుంచి హార్డ్‌డిస్క్ పీకి తెస్తే, దాని లెక్కల పుస్తకం ఇంకా విండోస్ చేతిలోనే తెరిచి ఉన్నట్టు. ఇక్కడ లినక్స్ రాసి, అక్కడ విండోస్ లేచి తన పాత లెక్క పైన రాస్తే ఫైళ్ళు గల్లంతవుతాయి. అందుకే ఎన్‌టీఎఫ్ఎస్-3జీ డ్రైవర్ రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తుంది. లినక్స్ 5.15 నుంచి కెర్నల్‌లో ఉన్న ఎన్‌టీఎఫ్ఎస్3 డ్రైవర్ అయితే మౌంట్ చేయడానికే ఒప్పుకోకపోవచ్చు. ఇది లినక్స్ లోపం కాదు, మీ డేటాకు కాపలా.

సరైన వైద్యం విండోస్‌లోనే ఉంది. డిస్క్‌ను అదే విండోస్ మిషన్‌కు తగిలించి, షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి. లేదా రీస్టార్ట్ చేయండి, రీస్టార్ట్‌కు ఫాస్ట్ స్టార్టప్ వర్తించదు. శాశ్వతంగా మానిపించాలంటే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో "పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్". డిస్క్‌లో ఎర్రర్లు ఉంటే "చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్" (సి-హెచ్-కె-డి-ఎస్-కె) కూడా అక్కడే నడపండి.

దగ్గర్లో విండోస్ మిషన్ లేకపోతే, యూమౌంట్ చేసి "సుడో ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్ హైఫన్ డి" ఉంది. కానీ అది చెక్‌డిస్క్‌తో సమానం కాదు. చిన్న చిన్న తేడాలు సరిచేసి, జర్నల్ (మార్పులు రాసుకునే చిట్టా) ఖాళీ చేసి, సరిగ్గా మూయలేదని చెప్పే మురికి గుర్తును తుడుస్తుంది, అంతే. డిస్క్‌లో ఉన్నవి ఇంకెక్కడా లేని ఫొటోలైతే ముందు వాటిని చదివి వేరేచోటికి కాపీ చేసుకున్నాకే ఈ కమాండ్ ముట్టుకోండి. రీడ్ ఓన్లీ అంటే చదవనిస్తోందనేగా అర్థం!

కాపీ సగంలో ఉండగా ఉన్నట్టుండి రీడ్ ఓన్లీ అయిపోయింది!

ఇది ఫ్యాట్ డ్రైవ్‌లలో ఎక్కువ. ఫ్యాట్ మౌంట్‌కు "ఎర్రర్ కనబడితే రాత ఆపెయ్" అన్న షరతు కెర్నల్‌లో మామూలుగానే ఉంటుంది. లోపల పట్టిక చెడిపోయిన చోటు తగలగానే కెర్నల్ ఆపేస్తుంది. "సుడో డీమెసేజ్" (డి-ఎమ్-ఇ-ఎస్-జి) కొట్టి చివరి వరుసలు చూడండి. డ్రైవ్‌ను సరిగ్గా అన్‌మౌంట్ చేయలేదని, ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ను తనిఖీ చేసి బాగుచేసే కమాండ్) నడపమని అక్కడ రాసి ఉంటుంది.

ద్వారకానగర్‌లో ప్రింటవుట్ తీయించుకుని వచ్చిన పెన్‌డ్రైవ్‌లు ఇలా తరచు వస్తాయి. రద్దీలో సేఫ్‌గా తీసే తీరిక ఎవరికి ఉంటుంది? ప్రింట్ అవగానే లాగి చేతిలో పెడతారు. టీవీలోంచి సినిమా మధ్యలో పీకిన డ్రైవ్‌లదీ అదే గతి.

మందు: యూమౌంట్ చేయండి, తర్వాత ఫ్యాట్32కు "సుడో ఎఫ్ఎస్‌సీకే డాట్ వీఫ్యాట్ హైఫన్ ఎ", ఎక్స్‌ఫ్యాట్‌కు "సుడో ఎఫ్ఎస్‌సీకే డాట్ ఎక్స్‌ఫ్యాట్", పక్కన డ్రైవ్ పేరు. మౌంట్ అయి ఉండగా మాత్రం ఎప్పుడూ నడపకండి. మొదటిది డాస్‌ఎఫ్ఎస్‌టూల్స్ ప్యాకేజీలో, రెండోది ఎక్స్‌ఫ్యాట్‌ప్రోగ్స్‌లో ఉంటాయి. అయ్యాక డ్రైవ్ తీసి మళ్ళీ గుచ్చండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటిన రోజు నాకు బాగా గుర్తు. ఆ పొద్దున కరెంటు పోయేసరికి మా ఇంట్లో రెండు డిస్క్‌ల మీదికి బ్యాకప్ నడుస్తోంది, ఒకటి ఎక్స్‌ట్4, ఒకటి ఫ్యాట్32. రోజుల తర్వాత కరెంటు వచ్చాక ఎక్స్‌ట్4 తన జర్నల్ చూసుకుని సర్దుకుంది, రెండు క్షణాల్లో మౌంట్ అయింది. ఫ్యాట్‌కు జర్నల్ లేదు. ఎఫ్ఎస్‌సీకే నడిపాక కొన్ని ఫోల్డర్లు పేర్లు పోగొట్టుకుని ముక్కలుగా మిగిలాయి. వాటిలో మా అమ్మమ్మ షష్టిపూర్తి ఫొటోలు ఉన్నాయి. కరెంటుకు నమ్మకం లేని తీరంలో ఉన్నాం మనం. ఇంట్లోనే ఉండే బ్యాకప్ డిస్క్‌కు ఎక్స్‌ట్4, బయట తిరిగే దానికి ఎక్స్‌ఫ్యాట్ అని నేను గట్టిగా చెప్పడానికి కారణం అదే.

ఏ డ్రైవ్ గుచ్చినా రూట్ పేరు మీదే మౌంట్ అవుతోంది. డ్రైవ్ మార్చినా అంతే.

అయితే తప్పు డ్రైవ్‌ది కాదు, మీ సిస్టమ్‌ది. ఈటీసీ ఫోల్డర్‌లో ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలు (ఏ డ్రైవ్‌ను ఎక్కడ, ఎలా మౌంట్ చేయాలో రాసుకునే జాబితా) తెరిచి చూడండి. పెన్‌డ్రైవ్‌తో డెబియన్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు కొన్నిసార్లు ఇన్‌స్టాలర్ ఆ పెన్‌డ్రైవ్ తాలూకు వరుస ఒకటి అక్కడ వదిలేస్తుంది: ఎస్‌డీబీ1ను మీడియాలోని యూఎస్‌బీ0లో మౌంట్ చేయమని. ఆ తర్వాత ఎస్‌డీబీ1 పేరుతో ఏ డ్రైవ్ వచ్చినా యూడిస్క్స్ ఆ వరుసనే పాటిస్తుంది, తన సొంత ఆప్షన్లు పెట్టదు. ఆ వరుస మొదట్లో హ్యాష్ గుర్తు పెట్టి సేవ్ చేస్తే సరి.

బ్యాకప్ డిస్క్ ఎప్పుడూ తగిలించే ఉంటుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో నేనే రాసుకోవచ్చా?

రాసుకోవచ్చు. ఎస్‌డీబీ1 అని కాకుండా ఎల్ఎస్‌బీఎల్‌కేలో చూపించే యూయూఐడీతో (ఆ డ్రైవ్ సొంత గుర్తింపు నంబరుతో) రాయండి, ఎస్‌డీబీ పేరు రేపు ఇంకో డ్రైవ్‌కు పోవచ్చు. ఎక్స్‌ఫ్యాట్, ఫ్యాట్‌లకు ఆప్షన్లలో యూఐడీ ఈక్వల్స్ 1000 (యూజర్ నంబరు), జీఐడీ ఈక్వల్స్ 1000 (గ్రూపు నంబరు), యూమాస్క్ ఈక్వల్స్ 022 పెట్టండి. యూమాస్క్ అంటే తీసేయవలసిన హక్కులు: 022 అంటే మీకు అన్నీ, మిగతావాళ్ళకు రాత తప్ప అన్నీ. ఎక్స్‌ట్4కు ఈ మూడూ పెట్టకూడదు, పెడితే అసలు మౌంటే అవదు.

ఆప్షన్లలో "నోఫెయిల్" (డిస్క్ లేకపోయినా ఆగకుండా ముందుకెళ్ళమని) మరచిపోవద్దు. అది లేకుండా రాసి, ఒకరోజు డిస్క్ తగిలించకుండా కంప్యూటర్ ఆన్ చేస్తే, దానికోసం 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. కొత్తవాళ్ళు కంప్యూటరే పోయిందని హడలిపోతారు.

ఫైల్ మేనేజర్‌లో రాస్తోంది, ఒక యాప్‌లోంచి సేవ్ చేస్తే మాత్రం కుదరదు.

ఆ యాప్ స్నాప్‌గా (ఉబుంటులో యాప్‌లను విడి ప్యాకేజీలుగా ఇచ్చే పద్ధతి) వచ్చిందేమో చూడండి. స్నాప్ యాప్‌లు కంచె లోపల నడుస్తాయి, తీసిపెట్టే డ్రైవ్‌లు కంచె బయట. "సుడో స్నాప్ కనెక్ట్", యాప్ పేరు, కోలన్, "రిమూవబుల్ హైఫన్ మీడియా" కొడితే దారి తెరుచుకుంటుంది. అలాంటిదే ఇంకో పద్ధతి అయిన ఫ్లాట్‌ప్యాక్ యాప్ అయితే ఫ్లాట్‌సీల్ అనే చిన్న యాప్‌లో ఆ ఫోల్డర్‌కు అనుమతి ఇవ్వండి.

ఇంట్లో నా లాగిన్, అన్నయ్య లాగిన్ వేరు. నేను గుచ్చిన డ్రైవ్ అతనికి కనిపించదు.

మీడియా కింద మీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లోకి మీకు మాత్రమే ప్రవేశం, అది కావాలని పెట్టిన ఏర్పాటు. మీరు ఎజెక్ట్ చేసి, అతను తన లాగిన్‌లోకి వచ్చాక మళ్ళీ గుచ్చడం అన్నిటికంటే తేలిక.

లినక్స్ ఇన్‌స్టాల్ చేయడానికి తయారుచేసిన పెన్‌డ్రైవ్‌లో ఇప్పుడు ఏమీ రాయలేకపోతున్నా.

ఎల్ఎస్‌బీఎల్‌కేలో ఐఎస్ఓ9660 అని కనిపిస్తోందా? అది సీడీల ఫైల్ సిస్టమ్, పుట్టుకతోనే రాయడానికి లేనిది. పర్మిషన్లతో పనికాదు, డిస్క్స్ యాప్‌లో మొత్తం డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలి. ఎస్‌డీఏనా, ఎస్‌డీబీనా అన్నది, సైజు ఎంతన్నది రెండుసార్లు సరిచూసుకున్నాకే బటన్ నొక్కండి.

కెమెరా కార్డులో రాయనివ్వదు.

ఎస్‌డీ కార్డు పక్కన వేలిగోరంత మీట ఉంటుంది. అది లాక్ వైపు జారి ఉంటే ఏ కమాండూ పనిచేయదు. గాజువాక నుంచి ఒక ఫొటోగ్రాఫర్ రెండు బస్సులు మారి వచ్చాడు, నేను చేసింది గోరుతో ఆ మీట పైకి తోయడమే. మైక్రో కార్డు పెట్టే అడాప్టర్‌కూ ఈ మీట ఉంటుంది, అది వదులైపోయి దానంతట అదే జారుతుంటే అడాప్టర్ మార్చేయండి.

పెద్ద వీడియో ఒక్కటే కాపీ అవదు, చిన్నవన్నీ అవుతున్నాయి.

ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీకి మించకూడదు. సింహాచలంలో జరిగిన పెళ్ళి వీడియో 12 జీబీ ఒకే ఫైలుగా ఇస్తే అది ఎలా పడుతుంది? పర్మిషన్ జోలికి పోకుండా, డ్రైవ్‌లో ఉన్నవి వేరేచోట దాచి ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయండి.

ఎక్స్‌ట్4 డిస్క్‌లో చోటు ఉన్నట్టు కనిపిస్తుంది, నిండిపోయిందంటోంది.

ఎక్స్‌ట్4 మామూలుగా 5 శాతం చోటు రూట్ కోసం పక్కన పెడుతుంది. 1 టీబీ డిస్క్‌లో అది సుమారు 50 జీబీ. బయటి డిస్క్‌కు ఆ అవసరం లేదు: "సుడో ట్యూన్2ఎఫ్ఎస్ హైఫన్ ఎమ్ 0", పక్కన డ్రైవ్ పేరు.

అన్నీ చేశాను. ఫార్మాట్ కూడా అవడం లేదు.

డీమెసేజ్‌లో "రైట్ ప్రొటెక్ట్ ఈజ్ ఆన్" అని ఉండి, డ్రైవ్‌కు మీట ఏదీ లేకపోతే, లోపలి ఫ్లాష్ మెమరీ అరిగిపోయి కంట్రోలరే రాత ఆపేసి ఉండవచ్చు. ముందు ఇంకో పోర్టులో, ఇంకో కంప్యూటర్‌లో గుచ్చి చూడండి. బీచ్ రోడ్డు దగ్గర ఇళ్ళలో ఉప్పుగాలికి పోర్టుల మొనలు తుప్పుపట్టి డ్రైవ్ మాటిమాటికీ తెగిపోవడం నేను చాలాసార్లు చూశాను, అది వేరే జబ్బు. ఎక్కడ గుచ్చినా అదే మాట వస్తే ఆ డ్రైవ్ ఇక రాయదు, చాలాసార్లు ఇంకొన్నాళ్ళు చదవనిస్తుంది. ఆ రోజే అందులోవి అన్నీ బయటికి తీసి కొత్తది కొనుక్కోండి. పాతదానిలో సొంత కాగితాలు ఉంటే ఎవరికీ ఇవ్వకండి, తుడవడానికి వీలులేని డ్రైవ్ అది.